వ్యాపారం కాగితాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు ఇవి తేల్చుకోండి

మీరు అడిగింది ఇది: నాన్నగారి కాలం నుంచి నడుస్తున్న వ్యాపారం. బీరువాల నిండా బిల్లులు, రసీదులు, ఒప్పందాలు, ఉద్యోగుల ఫైళ్లు, చేత్తో రాసిన ఖాతా పుస్తకాలు. ఒక్క కాగితం కావాలంటే సగం పూట పోతోంది. అన్నీ స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టుకోవాలనుకుంటున్నారు. ఏ స్కానర్ కొనాలి, ఫోన్‌తో సరిపోతుందా, ఎక్కించాక కాగితాలు పారేయవచ్చా?

చాలా ఏళ్లుగా నేను రికార్డుల పనిలోనే ఉన్నాను. స్కానర్ గురించి తప్పకుండా చెబుతాను, కానీ అది ముందు తేల్చాల్సిన ప్రశ్న కాదు. రేపు ఈ కాగితాన్ని ఎవరు, ఏమని వెతుకుతారు? దీనికి జవాబు లేకుండా మొదలుపెట్టిన స్కానింగ్ పనులు సగంలో ఆగిపోవడం, పూర్తయినా ఎవరికీ ఉపయోగపడకపోవడం చాలా చోట్ల చూశాను.

మీ ఆఫీసులో ఏ కాగితం ఎక్కడుందో తెలిసిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. పాత గుమాస్తాగారో, అకౌంట్స్ చూసే ఆవిడో. ఫలానా వాళ్ల పాత ఒప్పందం కావాలి అనగానే లేచి వెళ్లి, సరిగ్గా ఆ అరలోంచి ఆ కట్ట తీసుకొస్తారు. మీ అసలు ఇండెక్స్, అంటే ఏ కాగితం ఎక్కడుందో చెప్పే పట్టిక, ఆ మనిషి జ్ఞాపకంలో ఉంది. దాన్ని రాసి పెట్టుకోకుండా కాగితాల బొమ్మలు మాత్రం ఎక్కిస్తే బీరువాలోని గందరగోళమే హార్డ్ డిస్క్‌లోకి చేరుతుంది. బీరువాలో అయితే అట్ట రంగో, మీద రాసిన అక్షరాలో చూసి గుర్తుపట్టే వీలు ఉండేది. స్కాన్ 0001, స్కాన్ 0002 అంటూ వేల ఫైళ్లు వరసగా పడి ఉంటే ఆ ఆధారం కూడా ఉండదు.

అందుకని ముందు ఆయనతోనో ఆవిడతోనో కూర్చోండి. కొన్ని వారాల పాటు ఒక నోట్‌బుక్ పెట్టి, ఎవరు ఏ కాగితం అడిగారో, ఏమని చెప్పి అడిగారో రాయించండి. పార్టీ పేరు చెప్పారా? బిల్లు నంబరా? సుమారు తేదీయా? యంత్రం సీరియల్ నంబరా? వాళ్లు అడిగే ఆ మాటలే మీ ఇండెక్స్‌లో గడులు కావాలి. చాలా వ్యాపారాలకు కాగితం రకం, పార్టీ పేరు, కాగితం మీది తేదీ, నంబరు, మొత్తం అనే ఐదు సరిపోతాయి. ఎందుకైనా మంచిదని పదిహేను గడులు పెట్టకండి. నింపేవాళ్లు విసిగిపోతారు, కొద్దిరోజులకే సగం గడులు ఖాళీగా కనిపిస్తాయి, ఆపైన ఆ ఇండెక్స్‌ను ఎవరూ నమ్మరు.

పార్టీ పేర్ల విషయంలో మాత్రం కాస్త మొండిగా ఉండండి. ఒకే సంస్థను ఒక బిల్లులో పూర్తి పేరుతో, ఇంకోదాంట్లో పొడి అక్షరాలతో, మరోదాంట్లో యజమాని పేరుతో రాసి ఉంటారు. ఎక్కించేవాళ్లు కాగితం మీద ఉన్నది ఉన్నట్టు కొడితే ఒకే పార్టీ నాలుగు పార్టీలుగా చీలిపోతుంది. వెతికినప్పుడు మూడో వంతు కాగితాలే వస్తాయి, మిగతావి లేవనుకుంటారు. పని మొదలుపెట్టకముందే పార్టీల జాబితా ఒకటి తయారు చేసి, ఒక్కొక్కరికీ ఒక కోడ్ ఇవ్వండి. టైపు చేయకుండా ఆ జాబితాలోంచి ఎంచుకునేలా ఎక్సెల్‌లోనే అమర్చుకోవచ్చు. ఈ జాబితా చేయగలిగేదీ ఆ పాత మనిషే. ఆయన రిటైర్ అయ్యేలోపు చేయించుకోండి.

ఇక ఏవి స్కాన్ చేయకూడదో చూద్దాం. బీరువాల్లో ఉన్న కాగితాల్లో నకళ్లు, నకళ్లకు నకళ్లు చాలా ఉంటాయి. చట్టం ప్రకారం దాచాల్సిన గడువు దాటినవీ ఉంటాయి. ఈ గడువు ఒక్కో దేశంలో ఒక్కోలా, ఒక్కో రకం కాగితానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ ఆడిటర్‌ను అడిగి, ఏ రకం ఎన్నేళ్లు ఉంచాలో ఒక పట్టిక రాయించుకోండి. ఆ పట్టిక ఉంటే పనిభారం మొదట్లోనే చాలా తగ్గుతుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోంచి ప్రింట్ తీసిన బిల్లును మళ్లీ స్కాన్ చేస్తుంటారు. అక్కర్లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లోంచే నేరుగా పీడీఎఫ్‌గా దించుకోండి. అందులో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి, వెతకడానికి తప్పుల్లేకుండా పనికొస్తాయి. సంతకమో, స్టాంపో, చేతిరాతో తర్వాత చేరిన ప్రతులకు మాత్రమే స్కాన్ అవసరం.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, అట్టడుగు అరలో ఉన్న అతి పాత కట్టతో మాత్రం వద్దు. ఒక తేదీ పెట్టుకుని ఆ రోజు నుంచి వచ్చే ప్రతి కాగితమూ వచ్చిన రోజే ఎక్కేలా చూడండి. దీంతో కొత్త కుప్ప పెరగడం ఆగుతుంది, మనుషులకు చేయి తిరుగుతుంది, ఇండెక్స్‌లో లోపాలు చిన్న స్థాయిలోనే బయటపడతాయి. పాతవాటికి ఒక నియమం చాలు: ఏ కారణంతోనైనా బీరువాలోంచి బయటకు తీసిన ఫైలు స్కాన్ కాకుండా లోపలికి వెళ్లకూడదు. జనం నిజంగా వాడే కాగితాలు ఈ దారిలోనే ఎక్కేస్తాయి. ఎప్పుడూ ఎవరూ అడగని కట్టలు వాటి గడువు తీరేదాకా అలాగే ఉన్నా నష్టమేమీ లేదు.

దీనికి మినహాయింపు, ఆగితే పోయే కాగితాలు. థర్మల్ రసీదులు అందులో ముందుంటాయి. కార్డు యంత్రాల్లోంచి, టికెట్ యంత్రాల్లోంచి వచ్చే నున్నటి కాగితం అది. దాని మీద సిరా ఉండదు. వేడి తగిలితే రంగు మారే పూత ఉంటుంది, అక్షరాలు ఆ పూతలో వచ్చినవే. ఎండ, వేడి, ప్లాస్టిక్ కవర్లలోని రసాయనాలు తగిలితే రాత వెలిసిపోతుంది, లేదా కాగితమంతా నల్లబడుతుంది. భద్రంగా ఉంటుందని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టినది అందుకే తొందరగా మాసిపోతూ ఉంటుంది. వీటిని ముందు ఎక్కించండి. తర్వాత పాత ఫ్యాక్స్ కాగితాలు, మసకబారిన కార్బన్ కాపీలు, చెమ్మ తగిలినవి, చెదలు పట్టినవి. బూజు పట్టిన కట్టలు కనిపిస్తే విడిగా తీసి, మాస్కూ గ్లవ్స్ వేసుకుని ముట్టుకోండి, మంచి ఫైళ్ల పక్కన పెట్టకండి.

ఎక్కువ కాలం తినే పని స్కానింగ్ కాదు, దానికి ముందు కాగితాన్ని సిద్ధం చేయడం. పిన్నులు, క్లిప్పులు తీయాలి, మడతలు విప్పాలి, దుమ్ము దులపాలి, చిన్న రసీదులను వేరు చేయాలి. ఒక్క స్టేప్లర్ పిన్ను మిగిలినా స్కానర్ అద్దం మీద గీత పడవచ్చు, పడితే ఆ తర్వాత వచ్చే ప్రతి పేజీలోనూ నిలువు చార కనిపిస్తుంది. చిరిగిన కాగితాన్ని టేపుతో అతికించి స్కానర్‌లోకి పంపకండి, జిగురు రోలర్లకు అంటుకుంటుంది. పిన్ను తీసిన క్షణం నుంచి ఏ పేజీ ఏ పేజీతో కలిసి ఉండేదో చెప్పే ఆధారం పోతుంది కాబట్టి, తీసే ముందే మూలన పెన్సిల్‌తో వరస సంఖ్యలు వేయించండి. ప్రతి కట్ట మీద ఎన్ని కాగితాలో లెక్క రాయించండి. ఆ లెక్క తర్వాత చాలా అవసరమవుతుంది.

వెనకవైపు చూడటం మర్చిపోవద్దు. రసీదుల వెనక సంతకాలు, చెల్లింపు కాగితాల వెనక చిన్న గమనికలు, డెలివరీ చలానాల వెనక అందింది అని రాసిన రాతలు ఉంటాయి. తగాదా వస్తే చాలాసార్లు కావాల్సింది ఆ వెనక రాతే. రెండు వైపులా స్కాన్ చేయించి, ఖాళీ పేజీలను స్కానర్ తనంతట తానే తీసేసే సదుపాయాన్ని ఆపి ఉంచండి. తేలికపాటి పెన్సిల్ రాతను అది ఖాళీ అనుకుని తీసేయగలదు.

ఇప్పుడు స్కానర్. రోజూ పదుల సంఖ్యలో కాగితాలు వస్తుంటే, కాగితాల దొంతర పెడితే తానే లాక్కుని రెండు వైపులా చదివే ఫీడర్ స్కానర్ తీసుకోండి. కొనేటప్పుడు వేగం కంటే ముఖ్యంగా అడగాల్సింది, రెండు కాగితాలు అతుక్కుని కలిసి వెళ్తే పసిగట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఉందా అని. అది లేకపోతే మధ్యలో ఒక పేజీ మాయమైన సంగతి ఎవరికీ తెలియదు. బైండు చేసిన ఖాతా పుస్తకాలకు, పల్చటి కాగితాలకు ఫీడర్ వద్దు. అద్దం మీద కాగితం పరిచే ఫ్లాట్‌బెడ్ గానీ, పైనుంచి ఫొటో తీసే ఓవర్‌హెడ్ స్కానర్ గానీ వాడాలి. పుస్తకాల కుట్లు విప్పి పేజీలు విడదీయకండి. వరసగా కుట్టిన పుస్తకం అనేదే ఒక సాక్ష్యం, పేజీలు మార్చలేదని చెప్పేది ఆ కుట్టే.

ఫోన్ సంగతి. బయట తిరిగేవాళ్లు రసీదు చేతికి రాగానే ఫొటో తీసి పంపడానికి ఫోన్ చాలా మంచిది. బీరువాలు ఖాళీ చేయడానికి కాదు. వంద పేజీలు దాటాక చేతి నీడ, వంకర, పేజీ దాటేయడం తప్పవు. యాప్‌లు కాగితాన్ని తెల్లగా మెరిపించే ప్రయత్నంలో లేత రాతను చెరిపేస్తాయి. పైగా ఉద్యోగి ఫోన్లో తీసిన ప్రతి ఫొటో ఆయన సొంత క్లౌడ్ ఖాతాలోకి వెళ్లిపోవచ్చు. జీతాల కాగితాలు అలా బయటకు వెళ్లడం మీకు ఇష్టముండదు కదా.

సెట్టింగుల విషయంలో పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), కలర్, అంతే. చాలా చిన్న అక్షరాలుంటే 400. స్థలం ఆదా అవుతుందని బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తే ఎర్ర స్టాంపు కింద ఉన్న రాత, నీలం సంతకం, పెన్సిల్ టిక్కులు పోతాయి. స్థలం నిజంగా సమస్యేనా, లెక్క వేసి చూడండి. ఏ4 కాగితం 300 డీపీఐలో 2480 అడ్డం, 3508 నిలువు, అంటే సుమారు 87 లక్షల పిక్సెల్స్. కలర్‌లో కుదించకుండా ఉంచితే దాదాపు 26 ఎంబీ. మామూలు జేపెగ్ కుదింపుతో అది ఒక ఎంబీ దగ్గరికి వస్తుంది. పది వేల పేజీలు పది జీబీ. చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేదాని కోసం నాణ్యత తగ్గించుకోవడం అనవసరం.

కుదింపు గురించి ఒక్క హెచ్చరిక మాత్రం తప్పక వినండి. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ నిపుణుడు ఒక భవనం ప్లాన్‌ను జిరాక్స్ కంపెనీ యంత్రంలో స్కాన్ చేస్తే, వేర్వేరు గదుల వైశాల్యాల అంకెలు మారిపోయి కనిపించాయి. 21.11 అని ఉండాల్సిన చోట 14.13 అని వచ్చింది. మసకగా కాదు, స్పష్టంగా, అసలు అదే రాసి ఉందన్నట్టు. జేబిగ్2 అనే కుదింపు పద్ధతిలో, ఒకేలా కనిపించే చిన్న ముక్కలను ఒక్కసారే దాచి మిగతా చోట్ల అదే ముక్కను వాడతారు. 6, 8 లాంటి అంకెలు చిన్నగా ఉంటే ఆ పద్ధతికి ఒకటే అనిపించవచ్చు. ఆ కంపెనీ తర్వాత సవరణ విడుదల చేసింది. కానీ పాత స్కాన్లలో మారిన అంకెలను ఏ సవరణా వెనక్కి తేలేదు. వ్యాపారం కాగితాల్లో ప్రాణమంతా అంకెల్లోనే ఉంది. అందుకే మీ యంత్రంలో హై కంప్రెషన్, స్మాలెస్ట్ ఫైల్ లాంటి ఎంపికలు ఏమున్నా ఆపేయండి.

తర్వాత ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను వెతకగలిగే అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్. డబ్బు పెట్టక్కర్లేకుండానే టెసరాక్ట్ ఉంది. 2005లో ఓపెన్ సోర్స్ అయింది, అంటే దాని కోడ్‌ను అందరికీ అందుబాటులో పెట్టారు; తెలుగు కూడా చదువుతుంది. దాని మీద ఆధారపడిన ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ఉచిత పరికరం, పేజీ బొమ్మను అలాగే ఉంచి వెనక కనిపించని అక్షరాల పొర చేరుస్తుంది. మీకు కావాల్సింది ఈ పద్ధతే. బొమ్మ తీసేసి అక్షరాలు మాత్రమే మిగిల్చే పద్ధతి రికార్డులకు పనికిరాదు. శుభ్రమైన ఇంగ్లిష్ ప్రింటు మీద ఫలితం బాగుంటుంది. తెలుగు ప్రింటులో ఒత్తులు, గుణింతాలు దగ్గరగా ఉన్నచోట తప్పులు ఎక్కువ. మసక డాట్ మ్యాట్రిక్స్ బిల్లుల్లో ఇంకా ఎక్కువ. చేతిరాత ఖాతా పుస్తకాల మీద దాన్ని నమ్ముకోకండి. ఓసీఆర్ అన్నీ చదివేస్తుంది, ఇండెక్స్ దేనికి అని ఎవరైనా అంటే ఇదే జవాబు. ఓసీఆర్ తోడు మాత్రమే, చేత్తో నింపిన ఆ ఐదు గడులే ఆధారం. అది చదివిన మొత్తాలను సరిచూడకుండా లెక్కల్లోకి తీసుకోవద్దు.

ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టండి: ముందు ఏడాది, తర్వాత నెల, రోజు. 2019-03-07_అమ్మకం_పార్టీకోడ్_00412 లాగా. ఈ వరసలో రాస్తే పేర్ల క్రమంలో పెట్టినా కాలక్రమం తప్పదు. నంబరు ముందు సున్నాలు ఉంచాలి, లేకపోతే కొన్ని చోట్ల 2 కంటే 10 ముందు రావచ్చు. పేర్లలో ఖాళీలు వద్దు, పైన వాడిన హైఫన్, అండర్‌స్కోర్ తప్ప వేరే చిహ్నాలూ వద్దు. తేదీ అంటే కాగితం మీది తేదీ, స్కాన్ చేసిన తేదీ కాదు. రోజు తెలియకపోతే 2019-03 దగ్గర ఆపేయండి, ఊహించి నింపకండి. ఫోల్డర్లు రెండు మెట్లు చాలు: ఏడాది, లోపల కాగితం రకం. ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే ఒకే కాగితం ఎక్కడ ఉండాలో ఇద్దరు రెండు రకాలుగా అనుకుంటారు.

ఎక్సెల్ ఇండెక్స్‌తో మొదలుపెట్టడానికి మొహమాటం అక్కర్లేదు. ఒకేసారి పలువురు వాడాల్సి వచ్చినప్పుడు, ఎవరు ఏది చూశారో తెలియాల్సినప్పుడు డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌కు మారండి. పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్, మాయన్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఏది తీసుకున్నా ముందు పది కాగితాలు ఎక్కించి, వాటిని ఇండెక్స్ వివరాలతో సహా మళ్లీ బయటకు తీసి చూడండి. ఫైళ్లు వచ్చి వివరాలు రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ వద్దు. మీ వ్యాపారం దానికంటే ఎక్కువ కాలం ఉంటుంది.

దాచే రూపం పీడీఎఫ్/ఏ. దీర్ఘకాలం దాచడానికని 2005లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది. ఫాంట్లతో సహా అన్నీ ఫైలులోనే ఉంటాయి కాబట్టి బయటి వాటి మీద ఆధారపడదు. దీనికి పాస్‌వర్డ్ పెట్టడానికి ప్రమాణం ఒప్పుకోదు, అది మంచికే. పదేళ్ల తర్వాత పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది? తాళం ఫైలుకు కాకుండా డిస్క్‌కు, ఫోల్డర్‌కు వేయండి. ఉద్యోగుల జీతాలు, ఆరోగ్య వివరాలు, గుర్తింపు పత్రాలు ఉన్న ఫోల్డర్‌కు మొదటి రోజు నుంచే వేరే అనుమతులు పెట్టండి. కాగితం బీరువాకు తాళం ఒకరి దగ్గరే ఉండేది, సర్వర్‌లో పెట్టగానే అందరికీ తెరుచుకోకూడదు.

బ్యాకప్‌కు 3-2-1 పద్ధతి: మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట. క్లౌడ్‌తో సింక్ అవుతోంది కదా అని ఊరుకోకండి. సింక్‌లో ఇక్కడ పొరపాటున చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ పడితే తాళం పడిన ఫైళ్లే పైకి ఎక్కుతాయి. కంప్యూటర్‌కు తగిలించి ఉంచని డిస్క్ ఒకటైనా ఉండాలి. అప్పుడప్పుడు ఆ బ్యాకప్‌లోంచి ఏదో ఒక పాత బిల్లు నిజంగా తీసి తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో ఎవరూ చెప్పలేరు.

ఇక మీ చివరి ప్రశ్న, కాగితాలు పారేయవచ్చా అని. స్కాన్ అయిన వెంటనే కాదు. ముందు తనిఖీ జరగాలి, అదీ స్కాన్ చేసిన మనిషి కాకుండా వేరొకరి చేత. కట్ట మీద రాసిన కాగితాల లెక్క, ఫైలులోని పేజీల లెక్క సరిపోవాలి. వెనకవైపులు వచ్చాయా, అంచులు తెగాయా, తలకిందులయ్యాయా చూడాలి. అంకెలున్న పేజీలు కొన్నింటిని అసలుతో పక్కపక్కన పెట్టి చదవాలి. ఆ తర్వాత కూడా స్థిరాస్తి పత్రాలు, వీలునామాలు, ప్రామిసరీ నోట్లు, కోర్టులో నలుగుతున్న వ్యవహారాల కాగితాలు, అసలు సంతకం ఉంటేనే చెల్లేవి ఏవీ పారేయకండి. ఏ స్కాన్‌ను చట్టం అసలుతో సమానంగా ఒప్పుకుంటుందో మీ లాయర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఉంచేవాటిని నంబరు వేసిన పెట్టెల్లో పెట్టి, ఆ పెట్టె నంబరు ఇండెక్స్‌లో ఆరో గడిగా చేర్చండి.

మిగతావాటిని కనీసం ఒక ఆడిట్ పూర్తయ్యేదాకా ఉంచండి. ఆ ఆడిట్ స్కాన్లతోనే జరగనివ్వండి. బీరువా తెరవాల్సి వస్తే ఎందుకు వచ్చిందో రాసుకోండి, మీ ఇండెక్స్‌లో ఏం లోపించిందో అక్కడ తెలుస్తుంది. ఆ లోపాలు సరిచేశాక, తూకానికి అమ్మకుండా, ముక్కలు ముక్కలుగా కోసే ష్రెడర్‌లో వేయించండి. ఏ కట్టలు, ఏ తేదీన, ఎవరి అనుమతితో పోయాయో ఒక పేజీ రాసి సంతకం చేయించి, దాన్నీ స్కాన్ చేసి ఇండెక్స్‌లో పెట్టండి. గడువు తీరిన డిజిటల్ ఫైళ్లకూ ఇదే పద్ధతి. అందుకోసం ఎక్కించేటప్పుడే, ఆడిటర్ ఇచ్చిన పట్టిక చూసి, ఎప్పటిదాకా ఉంచాలో ఇండెక్స్‌లో ఏడాది వేసేయండి.